సామాజిక మాధ్యమాల ద్వారా వ్యవసాయోత్పత్తుల విక్రయం: ధర సమాచారం నుంచి గ్రేడు దిగుబడి దాకా

ప్రవేశిక

గత పాతికేళ్లలో అంతర్జాలం మన వ్యవసాయ మార్కెటింగ్ రంగంలోకి మూడు దశలుగా ప్రవేశించింది. మొదటి దశలో ధరల సమాచారం వచ్చింది. 2000వ సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన అగ్‌మార్క్‌నెట్ దీనికి నాంది పలికింది. రెండవ దశలో వేలం పాట కంప్యూటరు తెర మీదికి మారింది. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ వ్యవసాయ మార్కెట్, అనగా ఈ-నామ్, ఈ దశకు ప్రతినిధి. మూడవ దశలో రైతు స్వయంగా విక్రేతగా మారినాడు. వాట్సాప్ బృందంలో తోట ఫొటో పెట్టి ఆర్డర్లు తీసుకోవడం, యూట్యూబ్‌లో సాగు పద్ధతి చూపించి పసుపు, బెల్లం, దేశవాళీ బియ్యం అమ్మడం, యూపీఐ ద్వారా సొమ్ము అందుకోవడం నేడు గ్రామాల్లో సామాన్య దృశ్యాలు.

ఈ మూడు దశల్లోనూ ఒకే ఆశ వినిపించింది. కొనేవారికి, పండించేవారికి మధ్య ఉన్న దూరం తగ్గితే రైతు ఆదాయం పెరుగుతుందని అందరూ భావించారు. అయితే ఒకే సాంకేతికత ఒకచోట ఫలించి మరొకచోట ఎందుకు ఫలించలేదన్న ప్రశ్నకు జవాబు తెలియనిదే విస్తరణ కార్యక్రమాలను సరిగా రూపొందించలేము. ఇందుకు సంబంధించిన క్షేత్ర అధ్యయనాలను సమీక్షించి, మామిడి నేరు విక్రయాన్ని ఉదాహరణగా తీసుకొని, సామాజిక మాధ్యమాల లాభం ఎక్కడ పుడుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ధర తెలిస్తే చాలునా? నాలుగు అధ్యయనాలు

ఈ విషయంలో అందరూ ముందుగా ఉదహరించేది కేరళ మత్స్యకారుల అనుభవాన్ని. 1997–2001 మధ్య ఉత్తర కేరళ తీరంలో మొబైల్ ఫోన్ సేవలు దశలవారీగా వచ్చాయి. మత్స్యకారులు సముద్రంలో ఉండగానే వేర్వేరు రేవుల్లోని ధరలు కనుక్కొని, ఎక్కువ ధర ఉన్న రేవుకు పడవను మళ్లించసాగినారు. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అంతకు ముందు కొనేవారు లేక 5 నుంచి 8 శాతం సార్డైన్ చేపలు వృథా అయ్యేవి. ఫోన్లు వచ్చిన తరువాత ఆ వృథా దాదాపు పూర్తిగా ఆగిపోయింది. మత్స్యకారుల లాభం సుమారు 8 శాతం పెరిగింది, వినియోగదారునికి ధర సుమారు 4 శాతం తగ్గింది.

రెండవది మధ్యప్రదేశ్ సోయాచిక్కుడు రైతులది. 2000లో ఐటీసీ సంస్థ ఈ-చౌపాల్ పేరుతో గ్రామాల్లో అంతర్జాల కేంద్రాలను నెలకొల్పింది. అపరాజితా గోయల్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఈ కేంద్రాలు వచ్చిన జిల్లాల మార్కెట్లలో సోయా ధర 1 నుంచి 3 శాతం మేర పెరిగినట్లు, సోయా సాగు విస్తీర్ణం కూడా పెరిగినట్లు తేలింది.

మూడవ అధ్యయనం భిన్నమైన ఫలితాన్ని ఇచ్చింది. మహారాష్ట్రలో రాయిటర్స్ మార్కెట్ లైట్ అనే సంస్థ రైతుల ఫోన్లకు ధరలు, వాతావరణం, పంట సలహాలను సంక్షిప్త సందేశాలుగా పంపేది. మార్సెల్ ఫఫ్‌షాంప్, బార్ట్ మిన్టెన్ అనే ఆర్థికవేత్తలు 100 గ్రామాల్లో యాదృచ్ఛిక పద్ధతిలో ఈ సేవను పరీక్షించి 2012లో ఫలితాలను ప్రచురించారు. సందేశాలు అందిన రైతులకు, అందని రైతులకు మధ్య పొందిన ధరలో సగటున గణాంకపరంగా గుర్తించదగిన తేడా కనిపించలేదు.

నాలుగవది పశ్చిమ బెంగాల్‌లోని హుగ్లీ, పశ్చిమ మేదినీపూర్ జిల్లాల బంగాళదుంప రైతులది. టోకు మార్కెట్ ధరలను ప్రతిరోజూ తెలియజేసినా రైతులకు దక్కిన సగటు ధర పెరగలేదని ఆ పరిశోధకులు 2018లో ప్రకటించారు. అక్కడి రైతులు గ్రామంలోని వ్యాపారికే అమ్ముతారు. టోకు మార్కెట్‌లో నేరుగా అమ్మే వీలు వారికి లేదు.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టమవుతుంది. కేరళ మత్స్యకారుని చేతిలో ఫోనుతో పాటు పడవ ఉన్నది. ధర తెలిసిన వెంటనే సరుకును మరో రేవుకు చేర్చగలిగినాడు. ఈ-చౌపాల్ కేంద్రం ధర చెప్పడంతో ఆగలేదు. ప్రకటించిన ధరకు కొనే ప్రత్యామ్నాయ కొనుగోలుదారును, తూకం వేసే కేంద్రాన్ని కూడా రైతుకు అందుబాటులోకి తెచ్చింది. బంగాళదుంప రైతుకు ధర తెలిసినా దానిని ఆచరణలో వాడుకునే దారి లేదు. మహారాష్ట్ర రైతులకు అందినది కూడా సందేశమే తప్ప కొత్త కొనుగోలుదారు కాదు. సమాచారాన్ని చర్యగా మార్చగల సాధనం చేతిలో ఉన్నప్పుడే సమాచారానికి విలువ ఉంటుందని ఈ అధ్యయనాలన్నీ కలిసి చెబుతున్నాయి.

ఈ-నామ్: తెర మీది వేలంలో నాణ్యత పాత్ర

ఈ-నామ్ ప్రారంభమైన నాడు 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్లు అందులో ఉన్నాయి. తెలంగాణలో పసుపునకు పేరొందిన నిజామాబాద్ మార్కెట్ వాటిలో ఒకటి. నేడు దేశవ్యాప్తంగా 1,300కు పైగా మార్కెట్లు ఇందులో చేరినాయి. సరుకు మార్కెట్ గేటు దాటగానే లాట్ సంఖ్య ఇవ్వడం, నాణ్యత పరీక్ష, ఆన్‌లైన్ బిడ్డింగ్, తూకం, చెల్లింపు అనే క్రమంలో లావాదేవీ జరగాలన్నది దీని రూపకల్పన.

ఈ గొలుసులో అన్నిటికంటే కీలకమైన కడియం నాణ్యత పరీక్ష. యార్డులో పసుపు రాశి ముందు నిలబడిన వ్యాపారి కొమ్మును విరిచి రంగు చూస్తాడు, గలగల శబ్దాన్ని బట్టి తేమను అంచనా వేస్తాడు, దుంపలు, కొమ్ములు ఏ పాళ్లలో కలిసి ఉన్నాయో కంటితోనే కొలుస్తాడు. వందల కిలోమీటర్ల దూరంలో తెర ముందు కూర్చున్న వ్యాపారికి ఈ అవకాశం లేదు. తేమ శాతం, కుర్కుమిన్ శాతం, మలినాలు, పుచ్చు వివరాలు నమ్మదగిన రీతిలో తెర మీద కనిపించినప్పుడే అతడు బిడ్ వేయగలడు. అవి లేనప్పుడు వేలం ఆన్‌లైన్‌లో జరిగినా, పాల్గొనేవారు సరుకును కళ్లారా చూసిన స్థానిక వ్యాపారులే అవుతారు. అప్పుడు పోటీ పెరగదు.

ఇక్కడ వ్యవసాయ శాస్త్రానికి, అంతర్జాలానికి ఉన్న సంబంధం స్పష్టమవుతుంది. పసుపును సరైన పక్వదశలో తవ్వడం, దుంపలను, కొమ్ములను వేరు చేసి ఉడకబెట్టడం, శుభ్రమైన కల్లంలో సుమారు 10 శాతం తేమ వరకు ఆరబెట్టడం, పాలిష్ చేయడం అనే పనులు చేసిన రాశిని కొన్ని అంకెల్లో వర్ణించవచ్చు. పచ్చి, ఎండు, పెద్ద, చిన్న కలగలిసిన రాశికి ఏ అంకె వేసినా అది సగటు మాత్రమే. కంటితో చూడని కొనుగోలుదారు సగటును నమ్మడు. ఏకరూపత లేని సరుకు ఆన్‌లైన్ వేలంలో సహజంగానే వెనుకబడుతుంది.

సామాజిక మాధ్యమాలు తెచ్చిన మార్పు

రైతు నేరుగా వినియోగదారునికి అమ్మడం తెలుగు ప్రాంతాలకు కొత్త కాదు. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన రైతు బజార్లు ఈ పద్ధతికి సంస్థాగత రూపం ఇచ్చాయి. రైతు బజారుకు రోజువారీ కూరగాయలు అనుకూలం. పట్టణానికి దగ్గరలో ఉన్న రైతుకు అది మేలు. దూరాన ఉన్న తోటకు, ఏడాదికి ఒకసారి వచ్చే పంటకు ఆ సౌకర్యం పరిమితం.

2016వ సంవత్సరం ఈ పరిమితిని సడలించింది. ఆ ఏడాది యూపీఐ చెల్లింపులు మొదలైనాయి, సెప్టెంబరులో జియో సేవల ప్రారంభంతో మొబైల్ డేటా ధరలు బాగా పడిపోయినాయి. తెలిసినవారికి ఫొటో పంపడం, మాట్లాడటం, సొమ్ము అందుకోవడం ఒకే పరికరంలో సాధ్యమైనాయి. 2020 లాక్‌డౌన్ కాలంలో మార్కెట్లు మూతపడినప్పుడు, నగరాల్లోని గృహ సముదాయాల వాట్సాప్ బృందాలు రైతులకు, ఉత్పత్తిదారుల సంఘాలకు నేరు కొనుగోలుదారులైనాయి. అదే ఏడాది తెలంగాణ ఆర్టీసీ కార్గో, పార్సిల్ సేవలను ప్రారంభించడంతో గ్రామం నుంచి నగరానికి చిన్న పార్సిళ్లు చేరే మార్గం ఏర్పడింది.

మధ్యవర్తిని తప్పించడం వేరు, మధ్యవర్తి చేసే పనులను తప్పించడం వేరు. అడ్తిదారు లేదా దళారి తీసుకునే కమీషన్‌కు ప్రతిగా కొన్ని పనులు జరుగుతుంటాయి. చిన్న రాశులను ఒకచోట చేర్చడం మొదటిది. పరిమాణం, నాణ్యతలను బట్టి వేరు చేయడం రెండవది. రవాణా, నిల్వ ఏర్పాట్లు మూడవది. పెట్టుబడికి అప్పు ఇవ్వడం నాలుగవది. అమ్ముడుపోని సరుకు నష్టాన్ని భరించడం అయిదవది. వీటికి అతడు వసూలు చేసే మొత్తం న్యాయమైనదా, తూకంలో తీసే తరుగు సమంజసమా అన్నది వేరే చర్చ. సామాజిక మాధ్యమం ద్వారా అమ్మే రైతు మీద మాత్రం ఈ అయిదు పనులూ పడతాయి. వాటి ఖర్చును లెక్కించకుండా కేవలం అమ్మకపు ధరను చూసి లాభం ప్రకటించుకోవడం వల్లనే చాలామంది ఔత్సాహికులు రెండవ సీజనుకు వెనుకంజ వేస్తున్నారు.

మామిడి నేరు విక్రయం: ఒక నమూనా లెక్క

ఈ విషయాన్ని వివరించడానికి బంగినపల్లి మామిడిలో ఒక టన్ను కాయలకు ఊహాత్మక లెక్క చూడవచ్చు. ఇందులోని ధరలు, ఖర్చులు వివరణ కోసం తీసుకున్నవి. ఆయా ప్రాంతం, సీజనును బట్టి వీటిని మార్చుకోవాలి.

మార్కెట్ యార్డులో కిలో 40 రూపాయల చొప్పున టన్నుకు 40,000 రూపాయలు వస్తాయనుకుందాం. కోత, రవాణా, కమీషన్, తరుగు కలిపి 5,000 రూపాయలు పోతే రైతుకు మిగిలేది 35,000 రూపాయలు.

అదే టన్ను కాయల్లో 60 శాతం, అనగా 600 కిలోలు, మచ్చ లేకుండా పెట్టెలో పెట్టి పంపదగిన గ్రేడులో ఉన్నాయనుకుందాం. వాటిని వాట్సాప్ ద్వారా కిలో 90 రూపాయలకు అమ్మితే 54,000 రూపాయలు వస్తాయి. మిగిలిన 400 కిలోలను కిలో 25 రూపాయలకు మార్కెట్‌లో అమ్మితే మరో 10,000 రూపాయలు. మొత్తం రాబడి 64,000 రూపాయలు. మొదటి చూపులో ఇది ఎంతో ఆకర్షణీయంగా ఉన్నది.

ఇప్పుడు ఖర్చులు చూడాలి. 5 కిలోల పెట్టెలు 120 కావాలి. పెట్టె 60 రూపాయల చొప్పున 7,200 రూపాయలు, పార్సిల్ రుసుము పెట్టెకు 90 రూపాయల చొప్పున 10,800 రూపాయలు. తొడిమతో కోయడం, వేరు చేయడం, మాగబెట్టడం, పెట్టెల్లో సర్దడానికి కూలి 5,000 రూపాయలు. పాడైన కాయలకు తిరిగి చెల్లించవలసినది అమ్మకంలో 5 శాతం చొప్పున 2,700 రూపాయలు. మిగిలిన 400 కిలోలను మార్కెట్‌కు చేర్చడానికి 2,000 రూపాయలు. మొత్తం ఖర్చు 27,700 రూపాయలు. రైతుకు మిగిలేది 36,300 రూపాయలు. కిలో ధర రెట్టింపు కంటే ఎక్కువైనా, మార్కెట్‌లో అమ్మినదాని కంటే నికరంగా పెరిగినది 1,300 రూపాయలే. ఫోన్లలో సమాధానాలు చెప్పిన కుటుంబ సభ్యుల శ్రమకు ఇందులో విలువ కట్టలేదు.

ఇప్పుడు గ్రేడు దిగుబడి 60 శాతం నుంచి 75 శాతానికి పెరిగిందనుకుందాం. 750 కిలోలకు 67,500 రూపాయలు, మిగిలిన 250 కిలోలకు 6,250 రూపాయలు, మొత్తం 73,750 రూపాయలు వస్తాయి. పెట్టెలు 150 అవుతాయి. వాటికి 9,000, పార్సిళ్లకు 13,500, కూలికి 6,000, తిరిగి చెల్లింపులకు 3,375, మార్కెట్ రవాణాకు 1,250 రూపాయల చొప్పున మొత్తం ఖర్చు 33,125 రూపాయలు. నికరంగా 40,625 రూపాయలు మిగులుతాయి. సరైన కోత, ప్యాకింగ్ వల్ల తిరిగి చెల్లింపులు 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గితే నికర రాబడి 42,650 రూపాయలు అవుతుంది. విడివిడి పార్సిళ్లకు బదులు ఒకే గృహ సముదాయానికి ఒకే వాహనంలో పంపి, పెట్టెకు రవాణా ఖర్చును 90 నుంచి 50 రూపాయలకు తగ్గించగలిగితే అది 48,650 రూపాయలకు చేరుతుంది.

ఈ లెక్కలో ఎక్కడా అమ్మకపు ధర మారలేదు, ప్రచారం పెరగలేదు. మారినవి మూడే: గ్రేడు దిగుబడి, పాడయ్యే శాతం, రవాణాలో సమష్టి ఏర్పాటు. మొదటి రెండూ తోటలో, కోత సమయంలో నిర్ణయమవుతాయి. మూడవది సంఘటిత శక్తి వల్ల సాధ్యమవుతుంది.

గ్రేడు దిగుబడిని పెంచే పద్ధతులు విస్తరణ శాస్త్రవేత్తలకు సుపరిచితమైనవే. కోత అనంతరం కొమ్మల కత్తిరింపు, కాయ కోడిగుడ్డు పరిమాణంలో ఉన్నప్పుడు కవర్లు తొడగడం, పండు ఈగకు మిథైల్ యూజినాల్ ఎరలు, ఆంత్రక్నోస్ తెగులు నివారణ, పక్వదశ గుర్తించి తొడిమతో కోయడం, సొన కాయ మీద కారకుండా తలక్రిందులుగా ఉంచడం అందులో ముఖ్యమైనవి. వీటికి అయ్యే అదనపు ఖర్చును పై లాభం నుంచి తీసివేసి చూడాలి. మార్కెట్‌లో రాశిగా అమ్మే రైతుకు ఈ పద్ధతుల ప్రయోజనం ధరలో పూర్తిగా కనిపించదు. పెట్టెలో అమ్మే రైతుకు ప్రతి కాయ మీదా కనిపిస్తుంది. సిఫారసుల ఆచరణకు నేరు విక్రయం ఒక ఆర్థిక ప్రేరణ కాగలదన్న మాట.

నమ్మకం, దాని వెనుక ఉన్న చట్టం

ఆన్‌లైన్ కొనుగోలుదారు సరుకును తాకి చూడలేడు. మొదటిసారి విక్రేత మాటను నమ్మి కొంటాడు, రెండవసారి తన అనుభవాన్ని బట్టి కొంటాడు. లాభం రెండవ, మూడవ కొనుగోళ్లలోనే ఉన్నది. తోటలో తీసిన వీడియో మొదటి నమ్మకాన్ని కలిగిస్తుంది. ఎనిమిదవ నాడు పెట్టె తెరిచినప్పుడు కాయ ఎట్లా ఉన్నదన్నది మిగిలిన నమ్మకాన్ని నిర్ణయిస్తుంది.

మామిడిలో మాగబెట్టే విధానం ఇందుకు మంచి ఉదాహరణ. కాల్షియం కార్బైడ్ వాడకం ఆహార భద్రతా నిబంధనల ప్రకారం నిషిద్ధం. 100 పీపీఎం వరకు ఎథిలీన్ వాయువు వాడకానికి అనుమతి ఉన్నది. కార్బైడ్ లేదని ప్రకటించుకునే విక్రేతలు ఎందరో ఉన్నారు. ఏ పద్ధతిలో, ఎన్ని రోజులు మాగబెట్టినదీ, ఇంకా ఎన్ని రోజులకు తినడానికి సిద్ధమవుతుందో పెట్టె మీద రాసి పంపేవారు తక్కువ. ఫిర్యాదులను తగ్గించేది రెండవ పద్ధతి.

ప్రకటనల విషయంలో చట్టపరమైన బాధ్యతలు కూడా విక్రేతకు తెలిసి ఉండాలి. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం రైతు పొలంలో పండించిన పంటకు వర్తించదు. పసుపును పొడి చేసి, మామిడిని పచ్చడిగా మార్చి, ప్యాకెట్లలో వ్యాపారంగా అమ్మినప్పుడు నమోదు లేదా లైసెన్సు అవసరమవుతుంది. ప్యాకెట్ మీద నికర బరువు, ధర, తయారీదారు చిరునామా వంటి వివరాలను 2011 ప్యాకేజీ వస్తువుల తూనికలు, కొలతల నియమాలు నిర్దేశిస్తాయి. సేంద్రియం అన్న మాటను ముద్రించే ముందు 2017లో వచ్చిన సేంద్రియ ఆహార నిబంధనలను పరిశీలించాలి. చిన్న రైతు నేరుగా వినియోగదారునికి అమ్మేటప్పుడు కొంత మినహాయింపు ఉన్నప్పటికీ, ధ్రువీకరణ లేకుండా జైవిక్ భారత్ చిహ్నాన్ని వాడరాదు.

భౌగోళిక గుర్తింపు ఉన్న ఉత్పత్తులకు నమ్మకాన్ని నిర్మించడంలో ఒక సౌలభ్యం ఉన్నది. బంగినపల్లి మామిడికి 2017లో, అరకు లోయ అరబికా కాఫీకి 2019లో, తాండూరు కందికి 2022లో ఈ గుర్తింపు లభించింది. అయితే ఆ పేరును చట్టబద్ధంగా వాడుకోవడానికి ఉత్పత్తిదారుడు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఈ నమోదు ప్రక్రియలో రైతులకు సహాయపడటం విస్తరణ విభాగం తక్కువ ఖర్చుతో చేయగల పని.

సంఘాలు, ఉమ్మడి వేదికలు

పై లెక్కలో రవాణా ఖర్చు తగ్గింపు ఒంటరి రైతుకు సాధ్యం కాదు. గ్రేడింగ్ బల్ల, మాగబెట్టే గది, ప్యాకింగ్ సామగ్రి, ఫిర్యాదులకు జవాబిచ్చే మనిషి అందరికీ ఉమ్మడిగా ఉన్నప్పుడే గిట్టుబాటు అవుతాయి. 2020లో కేంద్ర ప్రభుత్వం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాల ఏర్పాటుకు పథకం ప్రారంభించింది. మైదాన ప్రాంతాల్లో సంఘానికి కనీసం 300 మంది, ఈశాన్య, కొండ ప్రాంతాల్లో 100 మంది సభ్యులు ఉండాలి. నిర్వహణ ఖర్చులకు 3 సంవత్సరాల్లో సంఘానికి 18 లక్షల రూపాయల వరకు సహాయం లభిస్తుంది. చిన్న ఆహారశుద్ధి యూనిట్లకు అదే ఏడాది వచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకం కింద యూనిట్ వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఉన్నది.

విక్రయ వేదికల విషయంలో ఓఎన్‌డీసీ గమనించదగినది. 2021 డిసెంబరులో ఏర్పడి, 2022 ఏప్రిల్‌లో 5 నగరాల్లో ప్రయోగాత్మకంగా మొదలైన ఈ వ్యవస్థలో కొనేవారి యాప్, అమ్మేవారి యాప్ వేర్వేరుగా ఉంటాయి. ఒకచోట నమోదైన ఉత్పత్తిదారుల సంఘం సరుకు అనేక యాప్‌లలో కనిపిస్తుంది. ఏదో ఒక కంపెనీ వేదికకు కట్టుబడవలసిన అవసరం తగ్గుతుంది. అయినప్పటికీ నమోదు కావడం వేరు, ఆర్డర్లు రావడం వేరు. కేటలాగులో పెట్టిన ఫొటో, బరువు, నిల్వ కాలం, సమయానికి పంపే క్రమశిక్షణ లేనిచోట నమోదు సంఖ్యల వల్ల ప్రయోజనం ఉండదు.

జాగ్రత్త వహించవలసిన అంశాలు

మొదటిది, వేదిక మీద ఆధారపడటం. సామాజిక మాధ్యమ ఖాతా రైతు సొత్తు కాదు. సంస్థ నియమాలు మారినా, ఖాతా స్తంభించినా కొనుగోలుదారులతో సంబంధం తెగిపోతుంది. కొనుగోలుదారుల పేర్లు, సంఖ్యలు, కొన్న పరిమాణం ఒక పుస్తకంలో లేదా విడి పట్టికలో భద్రపరచుకోవాలి. ఆ వివరాలను ఇతరులకు ఇవ్వరాదు.

రెండవది, చెల్లింపు మోసాలు. సొమ్ము అందుకోవడానికి యూపీఐ పిన్ నమోదు చేయవలసిన అవసరం ఎప్పుడూ ఉండదు. సొమ్ము పంపినట్లు చూపే తెర చిత్రాన్ని కాక, బ్యాంకు ఖాతాలో జమను చూసిన తరువాతనే సరుకు పంపాలి. ఈ రెండు వాక్యాలను ప్రతి శిక్షణలోనూ చెప్పాలి.

మూడవది, ఒకే సరుకు వెంట అందరూ పడటం. ఒక పంట అమ్మకంలో ఒకరు విజయం సాధించిన వీడియో వ్యాపించగానే, కొనుగోలుదారుల సంఖ్యను అంచనా వేయకుండా ఆ పంట విస్తీర్ణం పెరుగుతుంది. అరుదైనదని అధిక ధర పలికిన సరుకు అందరి వద్దా దొరికితే ఆ ధర నిలవదు. వీడియోలో కనిపించేది నెగ్గినవారు మాత్రమేనన్న సంగతి విద్యార్థులు కూడా గుర్తుంచుకోవాలి.

నాలుగవది, అమ్మే మాధ్యమమే రైతుకు సలహాల మాధ్యమం కూడా కావడం. లేబుల్‌లో లేని మోతాదులు, సిఫారసు లేని మందుల మిశ్రమాలు, పేరు తెలియని జీవ ఉత్తేజకాలు వీడియోల ద్వారా వ్యాపిస్తున్నాయి. సరుకులో అవశేషాలు మిగిలితే నష్టపోయేది పేరు పెట్టి అమ్మిన రైతే. దీనికి విరుగుడుగా విశ్వవిద్యాలయాలు స్థానిక రైతులే కనిపించే చిన్న వీడియోలు తయారు చేయవచ్చు. 2006లో మొదలైన డిజిటల్ గ్రీన్ కార్యక్రమం ఈ మార్గాన్నే అనుసరించింది. తమవంటి రైతు వీడియోలో కనిపించడం, చూసిన తరువాత చర్చ నడిపే స్థానిక కార్యకర్త ఉండటం ఆ పద్ధతికి మూల స్తంభాలు.

విస్తరణ విభాగాలకు, విద్యార్థులకు సూచనలు

డిజిటల్ మార్కెటింగ్ శిక్షణ అంటే యాప్ తెరవడం, పేజీ తయారు చేయడం నేర్పడంగా మిగిలిపోతున్నది. గ్రామీణ యువతకు ఆ భాగం నేర్పవలసిన అవసరం తక్కువ. వారికి అవసరమైనది లెక్క, గ్రేడు, చట్టం. కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలో ఈ క్రింది అంశాలకు చోటు కల్పించడం మేలు.

1. పంట వేయక ముందే కొనుగోలుదారుల సంఖ్యను అంచనా వేయడం. మొదటి సీజనులో పంటలో కొద్ది భాగాన్ని మాత్రమే నేరుగా అమ్మి, మిగిలినది మామూలు మార్కెట్‌కు పంపడం.

2. పై నమూనాలో చూపిన రీతిలో గ్రేడు దిగుబడి, తిరిగి చెల్లింపులు, రవాణా, సొంత శ్రమ చేర్చి నికర రాబడి పట్టిక తయారు చేయడం.

3. ప్రదర్శన క్షేత్రాల ఫలితాలను ఎకరా దిగుబడితో పాటు గ్రేడు దిగుబడిలో కూడా నమోదు చేయడం. ఒక పద్ధతి వల్ల మొత్తం దిగుబడి పెరగకపోయినా పెట్టెకెక్కే కాయల శాతం పెరిగితే దానిని ఫలితంగానే గుర్తించాలి.

4. ఆహార భద్రత నమోదు, లేబుల్ నియమాలు, భౌగోళిక గుర్తింపు అధీకృత వినియోగం గురించి ఒక పూట ప్రత్యేక పాఠం.

5. తేమ మీటరు, తూకం యంత్రం వంటి పరికరాలను సంఘం స్థాయిలో అందుబాటులో ఉంచడం.

పరిశోధక విద్యార్థులకు ఇందులో విస్తృతమైన అవకాశం ఉన్నది. నేరు విక్రయం చేపట్టి రెండేళ్లలో మానివేసిన రైతులను ఎవరూ వెతకరు. కొనసాగుతున్నవారిని మాత్రమే సర్వే చేస్తే వచ్చే సగటు లాభం వాస్తవం కంటే ఎక్కువగా కనిపిస్తుంది. మానివేసినవారిని కూడా నమూనాలో చేర్చి, వారు ఏ ఖర్చు వద్ద, ఏ ఫిర్యాదు వద్ద ఆగినారో నమోదు చేసే అధ్యయనం విధాన నిర్ణయాలకు ఎంతో ఉపకరిస్తుంది. అదే విధంగా ఈ ఆర్డర్లకు జవాబులిచ్చే పని ఇంట్లో ఎవరు చేస్తున్నారు, వచ్చిన సొమ్ము ఎవరి ఖాతాలో జమ అవుతున్నది అన్న ప్రశ్నలు మహిళా వ్యవస్థాపకత అధ్యయనానికి ముఖ్యమైనవి.

ముగింపు

అంతర్జాలం మార్కెట్‌ను రైతు అరచేతిలోకి తెచ్చిన మాట నిజం. అయితే తెర మీద కనిపించే ధరకు, చేతికి అందే ధరకు మధ్య ఉన్న దూరాన్ని తగ్గించేది పొలంలోని ఏకరూపత, కోతలోని జాగ్రత్త, సంఘంలోని సమష్టి ఏర్పాటు, కొనుగోలుదారుని నమ్మకం. ధర తెలిసీ సరుకును కదిలించలేని బంగాళదుంప రైతు స్థితిలో నేటి స్మార్ట్‌ఫోన్ రైతును వదిలివేయడమా, పడవ చేతిలో ఉన్న మత్స్యకారుని స్థితికి చేర్చడమా అన్నది ఇప్పుడు విస్తరణ వ్యవస్థ ముందున్న ప్రశ్న. ఫోను రైతు కొనుక్కున్నాడు. గ్రేడింగ్, నిల్వ, రవాణా, చట్టపరమైన అవగాహన అనే పడవను సమకూర్చడంలో విస్తరణ శాస్త్రవేత్త పాత్ర ఇంకా చాలా మిగిలి ఉన్నది.